ఇద్దరికీ ఒకటే పంపు

గద్వాలలో ఒక ఛాతీ డాక్టరుగారి దగ్గర నర్సుగా చేసిన రోజుల్లో, ఆయాసం రోగులకు ఇన్‌హేలర్ పీల్చడం నేర్పే పని నాది. అందరూ దాన్ని పంపు అనే అనేవారు. నా నోరు కాస్త పెద్దది. సరిగా పీల్చేదాకా ఎవరినీ కుర్చీలోంచి లేవనిచ్చేదాన్ని కాదు.

ఒక చేనేత దంపతులు వచ్చేవారు, ఇద్దరికీ ఆయాసమే. ఆయన మగ్గం నేసేవాడు, ఆమె పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. నేర్పడానికి ఉంచుకున్న ఖాళీ పంపు ఇస్తే ఆయన తడబడ్డాడు గానీ, ఆమె మొదటిసారే చక్కగా మూతి బిగించి, మెల్లగా పీల్చి, ఊపిరి బిగబట్టింది. "గిదేం పెద్ద పని సిస్టరమ్మా" అని నవ్వింది కూడా. నాకు ముచ్చటేసింది.

ఆయన కుదురుకున్నాడు. ఆమెకు మాత్రం తగ్గలేదు. వచ్చినప్పుడల్లా నా ఖాళీ పంపుతో మళ్లీ చేయించి చూసేదాన్ని. వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఆ చలికాలంలో ఆమె పోయింది.

దినాలయ్యాక ఆయన ఒక్కడే వచ్చి, సంచిలోంచి పంపు తీశాడు.

"పెద్దమ్మ పంపు ఇంట్లో ఉంటే పారెయ్యి పెద్దయ్యా, నువ్వు వాడకు" అన్నాను.

"ఆమెకు వేరేది యాడుంది? ఒక్కటే మందాయె. ఇంటికి ఒకటి సాలదా అని ఇద్దరం గిదే వాడితిమి."

"మరి ఆమె ఎలా పీల్చేది?"

ఆయన తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, పంపును జానెడు పైన పట్టుకున్నాడు. మా వైపు చెంబు ఎత్తి నీళ్లు తాగేది అలాగే.

"నాకు ఎంగిలైతదని ఎన్నడు మూతికి ఆనియ్యలే. మంచిగనే కొట్టుకుంటుండె గదా?"

నా దగ్గరి ఖాళీ పంపుతో ఆమెకు ఆ పట్టింపు లేదు. ఇంట్లోది మొగుడు నోట్లో పెట్టుకునేది. నాకు పట్టరాని కోపం వచ్చింది, ఆమె మీదే. పిచ్చి మనిషి. మందంతా గాలిలో కలిసిపోయిందని ఆయనకు ఏ నోటితో చెప్పను? నా మొహం చూసి ఆయనే గ్రహించాడు.

పంపును ఒళ్లో పెట్టుకున్నాడు.

"పక్కనే ఉంటి సిస్టరమ్మా. దినాం సూస్తనే ఉంటి. మూతికి ఆనిచ్చుకోవే, నాకేం గాదు అని ఒక్కమాటంటే ఆనిచ్చుకుంటుండె."