క్లచ్ మీద కాలు

మా అమ్మాయి కారు మొదటిసారి మొరాయించింది దుర్గ్ నుంచి వచ్చే దారిలో, ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు. ఇంజను గట్టిగా అరుస్తోంది గానీ బండి ముందుకు లాగడం లేదు. లోపలికి మాడిన వాసన వచ్చింది. వెనకాల లారీవాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. అమ్మాయి బండిని మెల్లగా పక్కకు చేర్చి, స్టీరింగ్ మీద తల ఆనించి కాసేపు కూర్చుంది. ముందు రోజు రాత్రంతా డ్యూటీ చేసిన మనిషి. దుర్గ్‌లో మందులు కొనాలని ఆ సాయంత్రం నేనే తనను లేపి తీసుకెళ్లాను.

దుర్గ్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో తను నర్సు. కొన్నేళ్లు స్కూటీ మీద, లారీల మధ్యన పోయి వచ్చింది. ఆ తరవాత ఈ కారు కొనుక్కుంది. సెకండ్ హ్యాండ్‌దే. చూడటానికి చిన్న కారు, పరుగు మాత్రం పెద్ద కార్లది. కాలు కొంచెం నొక్కితే చాలు, లారీలు వెనక్కి పోతాయి. తనకి వేరే సరదాలు లేవు. చీరలు కొనదు, సినిమాలకు పోదు. ఆ కారు ఎక్కినప్పుడు మాత్రం మొహం వేరేగా ఉంటుంది.

పగలు తను పడుకుంటే కారు మా ఆయన చేతిలో ఉంటుంది. ఆయన ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. సెక్టర్ 7లో మా వరసలో ఉన్న రిటైర్డు మనుషులందరికీ ఆయనే డ్రైవరు. ఒకరికి షుగరు పరీక్ష, ఒకరికి కంటి డాక్టరు, ఇంకొకరికి బ్యాంకు. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోరు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటారు. ఒకరోజు ఎవరూ పిలవకపోతే సాయంత్రానికి ఇంట్లో అన్నిటికీ వంకలు మొదలవుతాయి.

కారు ఆగిపోయిన ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన అమ్మాయినే అన్నారు. రేసు బండి కొన్నప్పుడే తనకి తెలుసన్నారు. ఎగిరెగిరి నడిపితే ఏ క్లచ్చయినా అంతే అన్నారు. అమ్మాయి చారు కలుపుకుంటూ వింది.

"హా నానా, గలతీ మేరీ హీ హై, నాదే తప్పు. బాగు చేయించి అమ్మేస్తాను. మళ్లీ స్కూటీ తీసుకుంటాను."

ఆయన ఆగలేదు. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. అమ్మాయి నిజంగానే తన స్పీడు వల్లే పోయిందనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

క్యాంప్ 2లో ఒక గ్యారేజీకి తోయించుకు వెళ్లాం. గేర్‌బాక్సు దింపాక మెకానిక్ మమ్మల్ని పిలిచాడు. క్లచ్ ప్లేటు తిరగలి రాయిలా నున్నగా అరిగిపోయి ఉంది. దాని వెనకుండే బరువైన ఇనుప చక్రం మీద నీలం మచ్చలు, వేడెక్కిన గిన్నె మీద వచ్చేలాంటివి. అది కూడా మార్చాలన్నాడు. అమ్మాయి బేరమాడింది, అతను కొంచెం దిగాడు. మామూలు చిన్న కారుకు పది వేలలోపు తేలిపోయే పని, ఈ కారుకు ముప్పై ఎనిమిది వేలయింది. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. తెలుగు చదువుతాను, హిందీ కూడబలుక్కుంటాను. బిల్లు ఇంగ్లీషులో ఉంది గనక అంకెలే చూశాను. అమ్మాయి జీతం ఒక నెలది పోయి, ఇంకో నెలది కొంత పోయింది.

డబ్బు తీసుకున్నాక మెకానిక్ ఎవరు నడుపుతారని అడిగాడు. అమ్మాయి తానేనంది. అతను డ్రైవరు సీటు దగ్గర వంగి లోపల చూపించాడు. క్లచ్ పెడల్ మీద రబ్బరు గీతలన్నీ చెరిగిపోయి ఉన్నాయి. దాని ఎడమ పక్కన కాలు పెట్టుకోవడానికి కంపెనీవాళ్లిచ్చిన చిన్న మెట్టు ఉంది. అది కొన్ననాటి లాగే కొత్తగా ఉంది, దాని మీద దుమ్ము కూడా చెదరలేదు.

"దీదీ, కోయీ పైర్ రఖ్ కే చలాతా హై," అన్నాడు. ఎవరో పెడల్ మీద కాలు పెట్టి నడుపుతున్నారట, స్పీడుగా నడిపితే ఇలా కాదట. నడిపినంతసేపూ పెడల్ మీద పాదం ఆనించి ఉంచితే రోజూ కొంచెం కొంచెం ఇలా అరుగుతుందట.

అమ్మాయీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకోనక్కర్లేదు. తన కాలు కింద మ్యాటు మీదే ఉంటుందని అమ్మాయికి తెలుసు, ఇంకో కాలు ఎవరిదో ఇద్దరికీ తెలిసిపోయింది.

తిరిగొస్తూ అమ్మాయి అంది. "నానకి చెప్పకమ్మా."

"ఎందుకు చెప్పకూడదు? మూడ్రోజుల్నుంచి నిన్ను తింటున్నారు."

"తిననీ. చెప్తే మళ్లీ తాళం ముట్టుకోరు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? ఎలాగూ అమ్మేస్తున్నాను కదా, ఛోడ్ దో, వదిలెయ్."

కారు ఫోటోలు అప్పటికే అమ్మకానికని ఫోనులో పెట్టింది. ఆదివారం కోహ్కా నుంచి ఒకాయన చూడటానికి వస్తానన్నాడు. నచ్చితే అప్పుడే బయానా ఇస్తానన్నాడు.

ఆ రెండ్రోజులూ నాకు ఇల్లు బరువనిపించింది. తండ్రి చెప్పేది కూతురికి నేనే చేరవెయ్యాలి, కూతురు దాచేది తండ్రి దగ్గర నేనే దాచాలి. వంటింట్లో నిలబడి పప్పు మెదుపుతుంటే కూడా అలసటగా ఉండేది. అది కాళ్లలో అలసట కాదు, ఇంకెక్కడో.

ఆదివారం పొద్దున్నే ఆయన కారు కడిగారు. కొనేవాడి ముందు పరువు పోకూడదట. క్లచ్ సరిగ్గా పడిందో లేదో ఒక రౌండు చూద్దాం రమ్మన్నారు. వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను. రోడ్డు ఖాళీగా ఉంది, ఎదురుగా ఎవరూ లేరు, గేరు మార్చే పని లేదు. ఆయన ఎడమ కాలు మాత్రం పెడల్ మీదే ఉంది. నొక్కడం లేదు, తీయడం లేదు. నేనెన్నోసార్లు ఆ సీట్లో కూర్చున్నాను గానీ అటు ఎప్పుడూ చూడలేదు.

"కాలు తియ్యండి," అన్నాను.

"ఏ కాలే?"

"ఎడమ కాలు."

ఆయన కిందికి చూసుకున్నారు. ఆ కాలు అక్కడ ఉన్నట్టు ఆయనకే తెలియదు. బండి చెట్టు నీడన ఆపి, పాదాన్ని అలాగే చూస్తూ ఉండిపోయారు. మెకానిక్ చెప్పినదంతా నేను చెప్పేశాను. అమ్మాయి వద్దందని కూడా చెప్పాను.

"క్రేన్ల ఆ కాలి కిందే బ్రేకు," అన్నారు. "పైన లాడిల్ నిండా కరిగిన ఉక్కు యేలాడుతుంటది. కింద మనుసులుంటారు. కాలు తీస్తే ఎలాగ?"

"ఇక్కడ కిందెవులున్నారండీ?"

ఆయన ఇంజను స్టార్టు చేశారు. "మూడ్రోజులు మన గుంటని ఊరికే అన్నాను," అన్నారు. బండి తిప్పారు.

మేం వచ్చేసరికి కోహ్కా ఆయన గేటు దగ్గర మోటారు సైకిలు ఆపుకుని నిలబడి ఉన్నాడు. అమ్మాయి కాగితాల కవరు పట్టుకుని బయటికొచ్చింది. మా ఆయన కారు దిగి నేరుగా అతని దగ్గరికి వెళ్లి, గాడీ బేచ్నీ నహీ హై, బండి అమ్మేది లేదు అన్నారు. అతను కోపగించుకున్నాడు. ఇంత దూరం రప్పించారన్నాడు, పెట్రోలు ఊరికే రాదన్నాడు, బండిలో ఏదో దోషం ఉంది గనకే ఇలా అంటున్నారన్నాడు. దోషం బండిది కాదు, నాదన్నారు మా ఆయన. పక్క క్వార్టర్ల వాళ్లు వింటున్నారని తెలిసే అన్నారు. ముప్పై ఎనిమిది వేల క్లచ్చు తన కాలి కింద అరిగిందన్నారు. తరవాత తాళం అమ్మాయి చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

అమ్మాయి నా వైపు చూసింది. కోపంగా కాదు గానీ, మంచిగా కూడా కాదు. వచ్చినాయనకు నేను టీ పెట్టి ఇచ్చాను. తాగి, కప్పు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు పగలంతా తాళం మేకుకే వేలాడింది. ఫోను మోగితే ఆయన ఒంట్లో బాగాలేదని చెప్పేవారు. అయిదో రోజు ఎదురింటాయన డయాలసిస్‌కి వెళ్లాల్సి ఉంది. అమ్మాయి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాళం తీసి తండ్రి ముందు పెట్టింది.

"తీసుకెళ్లు నానా. అమ్మ పక్కన కూర్చుంటుంది. కాలు అక్కడికి పోతే చెప్తుంది."

ఆ షరతు ఒప్పుకున్నానా అని నన్నెవరూ అడగలేదు. కూరగాయలు సగం తరిగి వదిలేసి, చీర మార్చుకుని కారెక్కాను. అప్పట్నుంచి ఎవరికి ఏ పరీక్ష ఉన్నా నేనూ వెళ్తున్నాను. రోడ్డు చూడను, దుకాణాలు చూడను, ఒక పాదాన్ని చూస్తూ కూర్చుంటాను. పక్కనున్న మెట్టు మీద అది కాసేపు ఉంటుంది, మలుపు తిరిగేసరికి పెడల్ మీదికి వచ్చేస్తుంది. "కాలు," అంటాను. ఆయన విసుక్కోకుండా తీస్తారు. వెనక సీట్లో కూర్చునే ఎదురింటాయన కూడా ప్లాంటులో ఈయనతో పాటే క్రేన్ నడిపిన మనిషి. నేను అన్నప్పుడల్లా ఆయనా ఉలిక్కిపడి తన ఎడమ కాలు వెనక్కి లాక్కుంటాడు.