గద్ద తన్నిన పుట్టింటి పెట్ట

“రేప్పొద్దున మీ నాయిన వస్తాండాడు. వియ్యంకునికి కోడి కోయకుండా వట్టి పప్పు పోసి పంపిస్తే మీ ఊర్లో నా పరువేమైతాది? ఎట్లాగూ చచ్చే పెట్టే గదా, ఊపిరుండంగానే కోసేస్తాం, లే పక్కకు.”

“అది మా నాయిన ఇచ్చిన కోడి అత్తా. ఆయన ఇచ్చిన కోడిని ఆయనకే వండి పెడతావా?”

“ఇచ్చిన ఆయప్పకే పెడితే ఇంకా మంచిది. మేపింది మేమే గదా!”

“పిల్లలకోడిని కోస్తారా యాడన్నా?”

“పొద్దున్నుంచి పిల్లల్ని పొడిచి తరిమిన కోడి, పిల్లలకోడి ఎట్లయితాదే?”

ఆ చివరి మాట అబద్ధం కాదు. అయినా నేను బోర్లించిన గంప మీద నుంచి చేతులు మాత్రం తీయలేదు. గంప కింద నెత్తురు కారుతున్న పెట్ట, గంపను కావలించుకుని నేను, ఎదురుగా కత్తి పట్టుకుని మా అత్త. (మా ఆయన అంతకుముందే ఎద్దులకు నీళ్ళు పెట్టాలంటూ వెళ్ళిపోయాడు. ఎద్దులు అప్పటికే నీళ్ళు తాగి నెమరు వేస్తున్నాయి. ఆ సంగతి ఆయనకూ తెలుసు.)

ఆ రోజుల్లో కొత్త కోడలికి చేతులుంటే చాలు, నోరు అక్కర్లేదనేవాళ్ళు. నాకు రెండూ ఉండేవి. మూడో తరగతిలోనే నన్ను బడి మాన్పించారు గానీ నోటిని ఎవరూ మాన్పించలేకపోయారు. వేంపల్లె పక్కనున్న మా ఊరి నుంచి కోయిలకుంట్ల దగ్గరి ఈ ఊరికి కాపురానికి వస్తున్నప్పుడు మా నాయన నా వెంట ఒక బూడిదరంగు పెట్టను పంపించాడు. “అత్తగారింట్లో నీదంటూ ఒక ప్రాణముండాలమ్మా” అన్నాడు. ఆ ప్రాణం దారిలో బస్సు కుదుపులకు నా పెళ్ళి పట్టుచీర మీదే గుడ్డు పెట్టింది. ఒడిలో గుడ్డుతో దిగిన కోడలిని చూసి వీధిలో వాళ్ళంతా మంచి శకునమన్నారు. మా అత్త మాత్రం గుడ్డును పైకెత్తి వెలుతురులో చూసి, “చిన్నదే” అన్నది. మా ఇద్దరికీ మొదటి రోజు నుంచే అట్లా కుదిరింది.

ఈ ఊరిది నల్లరేగడి నేల. చేలకు చేలే కానీ చెట్టు కనపడదు. కోడిపిల్ల దాక్కోవాలంటే గడ్డివాము కింద దూరాలి, లేదంటే బండల గోడ నీడన నక్కాలి. గద్దకు మాత్రం వీధి చివర కరెంటు స్తంభం ఉండేది. దాని మీద కూర్చుని, పెండ్లి బంతికి పిలుపు అందినవాడిలా నిదానంగా మా పెరటిని చూసేది. దాన్ని తరమడానికి మా అత్త రెండు పనులు చేసింది. చచ్చిన కాకి రెక్కను కట్టెకు కట్టి పెరట్లో నాటింది. పిల్లల్ని గద్ద ముట్టకపోతే ఎర్రపుంజును ఇచ్చుకుంటానని ఊరి పెద్దమ్మకు మొక్కింది. (కోళ్ళను కాపాడమని కోడినే ఇస్తాననడం నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాలేదు.) అయినా గద్ద వచ్చిపోతూనే ఉండేది. అందుకని, నా పెట్ట పిల్లలు చేయగానే, మా పుట్టింటి పద్ధతి చూపిస్తానన్నాను. మా వైపు కోడిపిల్లలకు రంగు వేస్తారు. గద్దకు తెలిసిన కోడిపిల్ల వేరు, కింద తిరిగే రంగుపిల్ల వేరు. అదేదో తెలియని తిండి అనుకుని అది జంకుతుంది.

మా వైపు గులాబీరంగు కలుపుతారు. ఇక్కడ ఆ రంగు దొరకలేదు. మా మామ పంచెలకు పెట్టే నీలిమందు ఉండింది. నీలమైతే ఇంకా మేలు, ఆకాశంలో కలిసిపోతాయి అనుకున్నాను. (ఆకాశంలో ఉండేది గద్ద, పిల్లలు నేల మీద ఉంటాయన్న సంగతి ఆ పొద్దు నాకు తట్టలేదు.) గోరువెచ్చని నీళ్ళలో నీలిమందు కలిపి, ఒక్కో పిల్లనూ మెడ దాకా ముంచి తీసి ఎండలో ఆరబెట్టాను. పసుపుపచ్చని బొచ్చు మీద నీలం పడేసరికి అవి కాస్తా చిలకపచ్చగా తేలాయి. మా అత్త వసారాలోంచి తొంగి చూసి, “ఏమ్మే, చిలకలు పెంచుతాండావా? రేపట్నుంచి రామరామా అని పలుకుతాయా?” అన్నది. నేను పట్టించుకోలేదు. అసలు చిక్కు నా పెట్టతో వచ్చింది. తన పిల్లల్ని చూసి అది ఒక అడుగు వెనక్కి వేసింది. మెడ పక్కకు వంచి ఒక కంటితో చూసింది, ఇంకో కంటితో చూసింది. తరువాత ఎవరో పరాయివాళ్ళు ఇంట్లో జొరబడినట్టు ఒక్కోదాన్నీ పొడిచి తరిమింది. పిల్లలు కీచుకీచుమంటూ దాని వెంటపడతాయి, అది వాటికి దొరక్కుండా గడ్డివాము చుట్టూ పరుగెత్తుతుంది, ఆ పిల్లల వెనకాల నేను కొంగు దోపుకుని పరుగెత్తుతాను. మా అత్త ఆ పూట చేయాల్సిన పనంతా మానేసి గుమ్మంలో కూర్చుని చూసింది. “కన్నతల్లే గుర్తు పట్టనప్పుడు గద్దకేం గుర్తు లేమ్మా, నీ విద్య శానా గొప్పది” అన్నది.

గద్దకు గుర్తు పట్టాల్సిన అవసరమే లేకపోయింది. ఎండ మీదికి వచ్చేసరికి స్తంభం మీద నుంచి దిగింది. నేల మీద దాని నీడ జారడమే నాకు కనిపించింది. పచ్చపిల్లలన్నీ ఒక్కసారి అరిచాయి. అప్పటిదాకా వాటిని కాదన్న పెట్ట, ఆ అరుపు విని గడ్డివాము అవతల నుంచి దూసుకొచ్చింది. రంగు చూసి కాదు, గొంతు విని వచ్చింది. రెక్కలు విప్పి గద్ద మీదికే ఎగిరింది. ఒక క్షణం ఏది కోడో ఏది గద్దో తెలియలేదు. నేను చేతిలోని చేటను విసిరాను, మా అత్త “హో... హో...” అని కేకేస్తూ చీపురుతో వచ్చింది. గద్ద వట్టి కాళ్ళతో లేచిపోయింది. పిల్లలన్నీ మిగిలాయి. పెట్ట వీపు మీద తోలు మాత్రం సంచి మూతి తెరిచినట్టు విచ్చుకుపోయింది. ఇదిగో, అప్పుడే మా అత్త కత్తి తెచ్చింది, నేను గంప బోర్లించాను.

“పిల్లల్ని తరిమిన కోడే వాటి కోసం ప్రాణమిచ్చే పని చేసింది గదా అత్తా. నువ్వూ చూసినావు. దాన్ని కోస్తే నీ చేతికి ఇంపుగా ఉంటాదా?” అన్నాను. ఆ మాటకు మా అత్త కత్తిని గోడకు ఆనించి, చాలాసేపు మీదికి చూసింది, ఇంకా గద్ద కోసం వెతుకుతున్నట్టు. “సరే. పొద్దున్నే గంప ఎత్తుతా. గింజ పొడిస్తే బతకనీ. పొడవకపోతే కిక్కురుమనకుండా మసాలా నూరాల, తెలిసిందా?”

“పొడుస్తాది. నువ్వే చూస్తావు.”

ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళతో గాయం కడిగాను. చుట్టూ ఉన్న ఈకలు పీకాను. సూదిని దీపానికి కాల్చి, అహోబిలం తిరునాళ్ళకు రవిక కుట్టుకుందామని దాచుకున్న ఎర్రదారంతో తోలు రెండు అంచులూ కలిపాను. మా అత్త దూరం నుంచే, “కోడికి రవిక కుడతాండావా? చేతులు కూడా పెట్టు మరి” అన్నది. వేరుశనగ బుడ్డల నూనెలో పసుపు కాచి పూస్తుంటే ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. “కూరలోకి లేని నూనె కోడి వీపుకు పోస్తాండావే!”

“ఎట్లాగూ కూరకే అంటివి గదా అత్తా. ఇప్పుడే పట్టిస్తే రేపు నీకు పని తగ్గుతాది.”

మా ఆయన ఎద్దుల పక్క నుంచి పెద్దగా దగ్గాడు. అది దగ్గు కాదని మా అత్తకూ తెలిసింది. తరువాత నేను పెట్ట నోరు తెరిచి నీళ్ళు పోయబోతే మాత్రం ఆమె లేచి వచ్చేసింది. “పొయ్యొద్దే! ఊపిరిలోకి పోయి చస్తాది. ముక్కు అంచున చుక్క పెట్టు, అదే మింగుతాది” అని నా చేతిలోని గుడ్డ లాక్కుని తానే చుక్క చుక్కా పెట్టింది. మిగతా కోళ్ళు నెత్తురు చూసి పొడుస్తాయని గంప మీద గోనెపట్టా కూడా కప్పింది. అంతా చేసి, “కూరకు పనికిరావాల్ల గదా” అన్నది. పొద్దు గూకాక కీచుమంటున్న పచ్చపిల్లల్ని గంప కిందికి తోశాను. ఈసారి పెట్ట పొడవలేదు. చీకట్లో పిల్లలన్నీ ఒకే రంగు కదా.

ఇప్పుడు మా పెరట్లో మా కోడలు పైన వల కట్టించింది. గద్దలూ తగ్గాయి, కోళ్ళూ తగ్గాయి. ఏ కోడికైనా దెబ్బ తగిలితే ఆ పిల్ల పసుపు కాచి తెస్తుంది, నేను గిన్నెలోకి తొంగిచూసి “నూనె అంత పొయ్యాల్నా?” అంటాను. అన్నాక ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. నాలో నేనే నవ్వుకుంటాను కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోను. నూనె నూనే. ఆ రోజు వేసిన రంగు కూడా తప్పు కాదని ఇప్పటికీ అంటాను. ఆ గద్దే తెలివితక్కువది.

గద్ద తన్నిన మరుసటి పొద్దున నేను లేచేసరికి గంప వెల్లకిలా పడి ఉంది. కింద పెట్ట లేదు. గోడకు ఆనించిన కత్తి లేదు. వంటింట్లోంచి ధనియాలు వేగిన వాసన వస్తోంది. వంటింటి గుమ్మం దాకా పోయి నిలబడ్డాను. పొయ్యి పక్కన వెచ్చని బూడిదలో, పాత చీరపేలిక మీద నా పెట్ట కూర్చుని ఉంది. రెక్కల కింద నుంచి పచ్చని తలకాయలు తొంగిచూస్తున్నాయి. పొయ్యి మీద చట్టి ఉడుకుతోంది. మూలన చేటలో ఎర్రపుంజు ఈకలు.

“అత్తా, అది పెద్దమ్మకు మొక్కిన పుంజు గదా!”

“పెద్దమ్మ కొన్నాళ్ళు కాచుకుంటాది. మీ నాయిన మొదటి బస్సుకే దిగుతాడు. ఆమెకు ఇంకోటి మొక్కుకున్నాలే.”

“పెట్ట గింజ పొడిచిందా?”

“పొడిచింది. నేను చూసినా.”

పెట్ట ముందర టెంకాయ చిప్పలో జొన్నలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఒక్క గింజ కూడా చెదరలేదు. నేను మసాలా నూరడానికి కూర్చున్నాను.

నాయన వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు, సంగటి ముందు కూర్చున్నాడు. చిలకపచ్చ పిల్లల్ని, ఎర్రదారం కుట్టున్న పెట్టను చాలాసేపు చూశాడు గానీ అడగడానికి మొగమాటపడ్డట్టున్నాడు. కూర మాత్రం బాగుందన్నాడు. ఆయన చేతిలోంచి చిన్న సంగటి ముక్క నేల మీద పడింది. పెట్ట మెల్లగా లేచింది, రెండడుగులు కుంటుకుంటూ వచ్చింది, దాన్ని పొడుచుకుని తినింది. మా అత్త నా వైపు చూడలేదు. నాయనకు ఇంకో కోడిముక్క వేసింది.