పిక్క మీద అరవై నాలుగు

మా ఆవిడ కుడి పిక్క మీద నల్ల మార్కరుతో అరవై నాలుగు అని రాసి ఉంది. నేను దాన్ని అచ్చుతప్పు అనుకున్నాను.

అనుకోవడంలో వింతేమీ లేదు. ముప్ఫై ఆరేళ్ళు బడిపుస్తకాల ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఎక్కడ అంకె కనిపించినా నా కన్ను ముందు దానిలో తప్పు వెతుకుతుంది. శుభలేఖలు, మందుసీసాలు, దుకాణాల బోర్డులు, ఏవీ నన్ను తప్పించుకుపోలేదు. అది వయసు. నాకు అరవై రెండు. ఆవిడ నాకన్నా మూడేళ్ళు చిన్న. అరవై రెండులోంచి మూడు తీసేస్తే యాభై తొమ్మిది. ఒకటో తరగతి లెక్క. రాసినవాళ్ళెవరో నిద్రమత్తులో రాసుంటారు.

అసలు ఆ పిక్క అంతమంది ముందుకు ఎలా వచ్చిందో చెప్పాలి. మా ఆవిడ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను, గోడ పొడుగునా బడి బడికీ ఒక రంగు బట్ట. రెండేళ్ళ కిందట మోకాలు పట్టేసి కుంటుతుంటే డాక్టరు నీళ్ళలో నడవమన్నాడు. నడవడమే కదా అని కొలనుకి పంపించాను. మూడు నెలలయ్యాక ఒకరోజు పెరట్లో తీగ మీద మెడ నుంచి మోకాలి దాకా ఒకటే ముక్కగా ఉన్న నల్లటి బట్ట ఆరేసి ఉంది. ఇది ఏ బడి యూనిఫారమే అని అడిగాను. నాదేనండి, ఈతకి, అమ్మే వాటిలో నా ఒంటికి సరిపడేది లేక నేనే కుట్టుకున్నాను అంది. నీళ్ళలో నడవమంటే ఈదటం నేర్చుకుని కూర్చుంది మనిషి.

అంతటితో అయిపోతే బాగుండేది. ఈత మాస్టారెవరో ఆవిడ చెవిలో ట్రయథ్లాన్ అనే మాట ఊదాడు. చెరువులో ముప్పావు కిలోమీటరు ఈదాలి, తడి ఒంటితోనే సైకిలెక్కి ఇరవై కిలోమీటర్లు తొక్కాలి, దిగి అయిదు కిలోమీటర్లు పరిగెత్తాలి. మధ్యలో ఆగడాలు, అలసట తీర్చుకోవడాలు ఉండవు. మొత్తం రెండున్నర గంటల్లో పూర్తి కావాలి. ఒక్క నిమిషం దాటినా పాల్గొన్నట్టు లెక్కే లేదు. ఆవిడ ఇదంతా నిక్కరుకి అంచు మడుస్తూ చెప్పింది. నేను గుడ్లప్పగించి విన్నాను. ముందుంది ముసళ్ళ పండగ అన్నాను. ఆ చెరువులో ముసళ్ళు లేవట, కనుక్కున్నాను అంది.

అప్పుడు నా పాత అస్త్రం తీశాను. "చిన్నదానివి, నీకేం తెలుసు? నీకన్నా మూడేళ్ళు ఎక్కువ చూసినవాణ్ణి చెప్తున్నాను, విను." మా ఇంట్లో ఏ వాదనైనా ఇక్కడే ముగిసేది. మిషనుకి మోటారు పెట్టించుకుంటానన్నప్పుడు, అమ్మాయిని దూరం కాలేజీలో చేర్పిద్దామన్నప్పుడు, ఇల్లు మారదామన్నప్పుడు, ప్రతిసారీ ఆ మూడేళ్ళే గెలిచాయి. ఆవిడ ఎదురు చెప్పేది కాదు. తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకునేది. ఈసారీ దారం ఎక్కించుకుంది. మర్నాడు తెల్లారేసరికి అమ్మాయి సైకిలు మా గుమ్మం ముందుంది.

ఆరు నెలలు మా ఇల్లు ఇల్లులా లేదు. బూట్ల లేసులు తీసిపారేసి, వాటి స్థానంలో నిక్కర్ల నడుముకి వేసే ఎలాస్టిక్ కుట్టింది, కాలు దూర్చడమే తరువాయి అని. వరండాలో ఒక స్టూలు, దాని మీద తువ్వాలు, కింద బూట్లు, పక్కన సైకిలు. తడి కాళ్ళతో స్నానాలగదిలోంచి పరిగెత్తుకొచ్చి, కాళ్ళు తుడుచుకుని, బూట్లు దూర్చి, హెల్మెట్ బిగించుకుని, సైకిలు పట్టుకునేది. నన్ను గడియారం చూడమనేది. మొదటిసారి రెండు నిమిషాల నలభై సెకన్లు. తిట్టుకుంటూనే చూశాను. నెల తిరిగేసరికి యాభై సెకన్లకు వచ్చింది. వీధిలో అందరూ నన్ను కోచ్‌గారూ అనడం మొదలుపెట్టారు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ పిలుపు నాకు నచ్చింది.

పోటీ రోజు పొద్దున చెరువుగట్టున మూడు వందల మంది. తన చేతిసంచి నాకిచ్చింది: కళ్ళజోడు, దువ్వెన, గుర్తింపు కార్డు, మోకాలికి రాసుకునే మందు. నేను సైకిలు టైర్లలో గాలి చూసి వచ్చేలోపు ఎవరో ఆవిడ చేతి మీద పోటీ నంబరు, పిక్క మీద వయసు రాసేశారు. వెనక నుంచి వచ్చేవాళ్ళకి ముందున్నది తమ వయసు వాళ్ళో కాదో తెలియడానికట, బహుమతులు వయసుల వారీగా ఇస్తారట. ఆవిడ నీళ్ళవైపు నడిచి వెళుతుంటే ఆ అంకె చూశాను. పిలిచేలోపే ఈల వేశారు.

నా పక్కన ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటున్నారు. యాభై అయిదు పైన ఆడవాళ్ళు ఆరుగురున్నారని ఒకడన్నాడు. అరవై పైన మాత్రం ఒకే ఒక్కావిడట, గంట కొట్టేలోగా చేరితే చాలు, మొదటి బహుమతి ఆవిడదేనట.

అది అచ్చుతప్పు కాదు. కావాలని రాయించుకున్నది. ఆరుగురితో పోటీ పడలేక అయిదేళ్ళు ఎక్కువ చెప్పుకుని ఒక్కతే నిలబడింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి, ఒక గుండీ తక్కువ కుడితే ఇంటికెళ్ళి కుట్టి వచ్చే మనిషి, ఒక పతకం బిళ్ళ కోసం ఇంత పనికి ఒడిగట్టిందా? ఆవిడ నీళ్ళలోంచి ఇరవై నాలుగు నిమిషాలకు బయటికొచ్చింది. ఎలాస్టిక్ బూట్లు దూర్చి, సైకిలెక్కి, నావైపు చూసి నవ్వి వెళ్ళిపోయింది. నేను నవ్వలేదు.

తిన్నగా నిర్వాహకుల బల్ల దగ్గరికి నడిచాను. నేను తప్పు చూసి ఊరుకునే రకం కాదు, సొంత పెళ్ళామైనా సరే. బల్ల వెనక టోపీ పెట్టుకున్న నడివయసావిడ కూర్చుంది. ఫలానా నంబరు మనిషి వయసు తప్పు పడిందండి, యాభై తొమ్మిదే, నేను ఆవిడ భర్తని అని చెప్పాను. గుర్తింపు కార్డు చూపిద్దామని చెయ్యి సంచిలో పెట్టాను కూడా. టోపీ ఆవిడ ఈలోగా ఫైలు తిరగేసి ఒక కాగితం నా ముందు పెట్టింది.

బడి మానేటప్పుడు ఇచ్చే పత్రం నకలు. ఒరిజినల్‌ని చెదలు తినేశాయని మా అత్తగారు పెళ్ళిలోనే చెప్పారు. నకలులో మడతల చిరుగులు కనిపిస్తున్నాయి గానీ చెదలు మాత్రం ఎక్కడా ముట్టలేదు. పేరు ఆవిడదే. తండ్రి పేరు మా మామగారిదే. పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి ఉంది. ముప్ఫై ఆరేళ్ళ అలవాటు, రెండూ పోల్చి చూశాను. సరిపోయాయి. ఇంకోసారి చూశాను. బడి మానిన కారణం: తండ్రి మరణం. అప్పటికి వయసు పదహారు. మా పెళ్ళి ఆ తర్వాత పదేళ్ళకు.

మా ఆవిడ నాకన్నా రెండేళ్ళు పెద్ద.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. మా పెళ్ళి కుదిర్చిన ఆవిడ మేనమామ ఒక్కటే ఆడాడు, అదీ కత్తెర పట్టుకుని. ఇరవై ఆరేళ్ళ పిల్లని ఎవరు చేసుకుంటారని అయిదేళ్ళు కోసి పారేశాడు. ఆ కోసేసిన అయిదేళ్ళలో ఆవిడేం చేసిందో నాకు తెలుసు. ఇద్దరు చెల్లెళ్ళని చదివిస్తూ పొద్దస్తమానం మిషను తొక్కింది. ఇరవై ఒకటి అని వాళ్ళు చెప్తే నేను నమ్మాను. ఆ తర్వాత ప్రతి కార్డులో, ప్రతి దరఖాస్తులో నా చేత్తో నేనే అదే రాశాను, నా దస్తూరీ బాగుంటుందని. ఊరందరి తప్పులూ దిద్దాను. దీపం కింద చీకటి.

"ఈ కాగితం ఇచ్చేటప్పుడు ఆవిడ ఒక మాటన్నారండి" అంది టోపీ ఆవిడ. "మిషను తొక్కిన కాళ్ళు ఇవి, వీటి మీద కూడా అబద్ధం రాయిస్తే ఇంకెక్కడ నిజం రాసుకుంటాను అని." తర్వాత గొంతు మార్చి, వేరే వయసున్న కాగితం ఏదైనా నా దగ్గరుందా అని అడిగింది. రెండు కాగితాలు రెండు రకాలుగా ఉంటే తేలేదాకా పోటీలోంచి ఆపేస్తారట. సైకిలు మీద ఉన్నా సరే దింపేస్తారట.

నా చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది. వేళ్ళ మధ్య కార్డు అంచు తగులుతోంది. అర నిమిషం ముందైతే నేను దాన్ని తీసి బల్ల మీద పెట్టేసేవాణ్ణి.

"లేదండి" అన్నాను. "పొరపాటు నాది. కాగితంలో ఉన్నదే సరి."

ఆ తర్వాత దాదాపు రెండు గంటల సేపు చెరువుగట్టున ఒక రాయి మీద కూర్చున్నాను. చిన్నదానివి నీకేం తెలుసు అని ఎన్నిసార్లన్నానో లెక్క తేలలేదు. అన్నిసార్లూ ఆవిడ తల ఎందుకు వంచుకుందో కూడా తెలియలేదు. భయమేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. నవ్వాపుకోవడానికేమో. నవ్వే అయితే నాకు కొంచెం తేలికగా ఉండేది. కాదేమోనని సిగ్గేసింది, భయమేసింది, ఏడుపొచ్చింది.

గమ్యం దగ్గర పెద్ద గడియారం ఎర్రటి అంకెలతో మెరుస్తోంది. రెండు గంటల ఇరవై ఏడు నిమిషాలు. దాదాపు అందరూ వచ్చేశారు. ఆవిడ మలుపు తిరిగి కనిపించింది. ఎడమ కాలు ఈడుస్తోంది. కుట్టుకున్న నల్లబట్ట మీద ఉప్పు తేలి తెల్ల చారలు పడ్డాయి. నడవడం మొదలుపెట్టింది. ఇరవై ఎనిమిది. ఇక ఆగిపోతుందని తెలిసిపోతోంది. ఆవిడ కళ్ళలో నాకు బాగా తెలిసిన చూపు, వాదనలో ఓడిపోయేముందటి చూపు.

తాడు కింద నుంచి దూరి దారిలోకి వెళ్ళాను. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేను ఆవిడని ఏమేవ్ అనే పిలిచాను. ఇప్పుడూ అదే పిలుద్దామని నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"ఏవండీ" అన్నాను. "ఇంకో వంద అడుగులేనండి. రండి."

ఆవిడ నిర్ఘాంతపోయి నావైపు చూసింది. నా మొహం, నా చేతిలో సంచి, వెనక దూరంగా నిర్వాహకుల బల్ల. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది ఆవిడకి. మెడ నిటారుగా లేచింది. ఈడుస్తున్న కాలు ఎత్తి పరుగు అందుకుంది. నాకు రెండడుగుల దూరంలోకి వచ్చాక, రొప్పుతూ, పెళ్ళైన నాటి నుంచి నాతో ఎన్నడూ మాట్లాడని విధంగా మాట్లాడింది.

"దారికడ్డంగా నిలబడ్డావేంటి? జరుగు."

జరిగాను.