దానమ్మ గొడ్డలికి రంగు పోయింది

దానమ్మ కట్టెలు చీలుస్తుంటే మగాళ్ళు చూపు తిప్పుకునేవాళ్ళు, తమవల్ల కాదు గనక. ముక్తేశ్వరం పక్క పేటలో పుట్టి, అక్కడే మొగుణ్ణి మట్టికిచ్చి, చింతమొద్దుల మీద బతికిన మనిషి. ఎంత చీల్చినా సగం కూలే. గొడ్డలి సొంతదైతే నిండు కూలి, పని చెప్పినవాళ్ళదైతే సగం. ఆ చుట్టుపక్కల అంతటా అదే రివాజు. అందుకని ఆవిడకి నగల మీద ఆశ లేదు, నట్ర మీద ఆశ లేదు. ఓ గొడ్డలి తనదంటూ ఉంటే చాలు.

ఆవిడ చేసేది గోవిందరాజులుగారింట్లో. ఆయన భార్య సీతారత్నంగారికి ఆచారం జాస్తి. ఆ ఇంట్లో గొడ్డళ్ళు రెండు. పశువులపాకలో వేలాడే తుప్పుది పేటవాళ్ళకి. వంటింటి వసారాలోది ఇంటి పాలేరు జగ్గయ్య తప్ప వేరొకరు ముట్టకూడదు. దాన్ని అమలాపురంలో కొన్నారు. కంపెనీవాళ్ళు వేసిన ఎర్ర రంగు, గోరుతో గీకినా లేచేది కాదు. వాదర అంచు మాత్రం రంగు లేకుండా తెల్లగా మెరిసేది. చెంప మీద ఏవో అక్షరాలు లోతుగా కొట్టి ఉండేవి. దానమ్మకి చదువు రాదు. అయినా వసారా వైపు వెళ్ళినప్పుడల్లా వాటినే చూసేది.

ఉప్పెన వచ్చిన మరుసటేడు ఆ ఇంటమ్మాయి కృష్ణవేణి పెళ్ళి. బండెడు మొద్దులు దింపారు. సగంలో తుప్పు గొడ్డలి కామ విరిగింది. కొత్త కామ చెక్కే తీరిక ఎవడికీ లేదు, జగ్గయ్యే ఎర్రది తెచ్చి దానమ్మ చేతిలో పెట్టాడు. సీతారత్నంగారు చూసేసరికి కట్టెలు గుట్ట పడ్డాయి. జగ్గయ్య ఏమన్నాడంటే, వద్దంటున్నా అదే తీసుకుందన్నాడు. నోరు తడబడలేదు వెధవకి.

గొడ్డలికి మైల పట్టిందన్నారు. కట్టెలకి మాత్రం పట్టలేదట. చింతకట్టె పారేస్తారా ఎవరైనా! వాటితోనే వండారు, వాటితోనే తిన్నారు, బ్రేవుమన్నారు.

ఇనుముకి అగ్నే శుద్ధి అని పురోహితుడు చెప్పాడు. గొడ్డలిని గాడిపొయ్యి నిప్పుల్లో పూడ్చి, పెళ్ళి పిండివంటలు అయ్యేదాకా వదిలేశారు. కంపెనీ రంగు బుడగలు బుడగలుగా లేచి కాలిపోయింది. తీసేసరికి కాకిలా ఉంది. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే నల్లటి ఇనుమేమిటని, కిటికీలకి రంగు వేస్తున్నవాడి చేత మళ్ళీ ఎర్రగా పూయించి, కొత్త కామ వేయించారు. వాడికేం తెలుసు, వాదరకి కూడా కలిపి కొట్టేశాడు. అక్షరాలు రంగుతో పూడిపోయాయి.

శుద్ధీ అయింది, రంగూ పడింది. అయినా సీతారత్నంగారికి మనసొప్పలేదు. పెళ్ళయ్యాక పనివాళ్ళందరికీ చీరలూ పంచెలూ పెడుతూ, చుట్టాల ఎదుట దానమ్మని పిలిచారు.

"నీకు చీరెందుకే, ఈ గొడ్డలి పట్టుకెళ్ళు. కొత్తదానికేం తీసిపోదు."

"ఆయ్, చిత్తమండి," అంది దానమ్మ. అక్షరాల చోట వేలు పెట్టి చూస్తే లోతు తగల్లేదు. తగలకపోతే పోనీ అనుకుంది. ఆశ అట్లాంటిది.

మర్నాడే కొత్తపేట హోటల్లో నిండు కూలికి కుదిరింది. మొదటి దెబ్బకే వాదర తమలపాకులా మడత పడింది. హోటలాయన పగలబడి నవ్వి, పెళ్ళిబొమ్మ గొడ్డలి తెచ్చావేంటమ్మా అన్నాడు.

కమ్మరి ఎర్రయ్య దాన్ని ఆకురాయితో గీకి చూశాడు. పొయ్యిలో పడుండి ఇనుము చచ్చిపోయింది, మళ్ళీ కాల్చి, కొట్టి, నీళ్ళలో ముంచి గట్టి చేయాలన్నాడు. కొలిమిలో పెట్టగానే ఆ పైపై ఎరుపు పొట్టులా రాలిపోయింది. సమ్మెట దెబ్బలకి చెంప మీది అక్షరాలు చదునైపోయాయి. గొడ్డలి నల్లగా బయటికొచ్చింది, కానీ దెబ్బ వేస్తే మొద్దు రెండు చెక్కలు. ఆ వేసవంతా దానమ్మ తల ఎత్తుకుని కొత్తపేట వెళ్ళింది, నిండు కూలి కొంగున కట్టుకుని వచ్చింది.

వానలకి ముందు సీతారత్నంగారు కట్టెలకి కబురు పెట్టారు. దానమ్మ తన గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళింది. ఆవిడ చూపు ముందు దాని మీదే పడింది.

"ఎర్రదేదే?"

"ఇదేనండి అమ్మగారూ. కొలిమిలో రంగు పోయిందండి."

"పెళ్ళిలో పెట్టింది అమ్ముకుని, ఎక్కడిదో ఇనపముక్క తెచ్చి చూపిస్తున్నావా? పిల్ల కాపురానికి అరిష్టం కాదూ?"

ఎర్రయ్యనడగమంది దానమ్మ. పిలిపించారు. ఏటా ఆ ఇంటి ధాన్యం అందుకునేవాడు ఎర్రయ్య. గొడ్డలి తిప్పి చూశాడు, సీతారత్నంగారి మొహం చూశాడు.

"నా దగ్గరికి ఎన్నో వస్తాయండి. దీన్ని చేసినట్టు గుర్తు లేదండి," అన్నాడు.

ఎర్రది తెచ్చినప్పుడే ఇది పట్టుకెళ్ళమన్నారు సీతారత్నంగారు. జగ్గయ్య వచ్చి దానమ్మ చేతిలోంచి లాక్కున్నాడు. ఇప్పుడు వాడికి ముట్టుకోవడానికి అడ్డేమీ రాలేదు.

దానమ్మ అరవలేదు. "రంగు మీరేయించిందండి, కాలిపోయింది. కింద ఇనుం నేను ముట్టుకున్నదే. అందుకే కదండీ నాకిచ్చేరు. ఇప్పుడు మళ్ళీ ఎందుకండీ ఎతుకుతున్నారు?" అంది.

సీతారత్నంగారు తలుపు వేసుకున్నారు.

మర్నాడు హోటలాయన సొంత గొడ్డలి ఏదన్నాడు. లేదంది. హోటలుది తీసిచ్చి, రివాజు ప్రకారం కూలి సగానికి కోశాడు. ఎనభై అయిదులో అక్కడికి గ్యాసు పొయ్యి వచ్చేదాకా దానమ్మ ఆ సగానికే చీల్చింది. తర్వాత అదీ లేదు. దారిలో ఎదురుపడితే ఎర్రయ్య, ఏం దానమ్మా బాగున్నావా అని అడిగేవాడు. ఆవిడ కిందికి ఉమ్మి, దారి మారి వెళ్ళేది.