బొమ్మల పుస్తకంలో క్షమాపణ లేదు

చుక్కలన్నిటినీ చేసి, ఒక్కటీ దారి తప్పకుండా నడిపిస్తున్న నా దేవునికి మహిమ. తప్పు చేసినవాడు మరిచిపోయినా తాను మరిచిపోనందుకు ఆయనకు మరీ మరీ స్తోత్రం.

నేను ఏడో తరగతిలో ఉండగా మా మేనమామ నా బొమ్మల కథల పుస్తకం కాల్చేశాడు. ఆయన మా సంఘపెద్ద. ఉపవాస కూటాల చివరి రోజున లోకసంబంధమైన వస్తువులు తెచ్చి చర్చి ముందు మంటలో వేయడం అప్పట్లో మా ఆనవాయితీ. అందరూ సినిమా పాటల పుస్తకాలు వేశారు. మామయ్య నా సంచిలో చెయ్యిపెట్టి ఆ పుస్తకం లాగాడు. అట్ట మీద ఆకుపచ్చ ఒంటితో, మూడు కళ్లతో గ్రహాంతర చక్రవర్తి. "సాతాను బొమ్మ!" అని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా మంటలో పడేశాడు. పైగా అందరి ముందూ నా చేత క్షమాపణ చెప్పించాడు.

అప్పటికే అది నాకు కంఠతా వచ్చు.

ఈ ఏడు ఆ కథ సినిమాగా వచ్చింది. నరసరావుపేటలో మొదటి ఆటకే వెళ్లాను. రాకెట్టు నీళ్ల డ్రమ్ములా ఉంది, దాన్ని లాగే తీగ కనబడుతోంది. మరమనిషి మోకాళ్ల దగ్గర లోపలి మనిషి ప్యాంటు తెలుస్తోంది. నాకేం బాధ కలగలేదు. పుస్తకంలోనూ రాకెట్టు డ్రమ్ములాగే ఉండేది. చక్రవర్తి నవ్వే ముందు గడ్డం నిమురుకోవడం, అతని బెదిరింపులు, అన్నీ బొమ్మకు బొమ్మ సరిపోయాయి. చివర్లో మాత్రం కథానాయిక అతణ్ణి క్షమించింది. ఇద్దరూ కలిసి డాన్సు చేశారు. పుస్తకంలో అలా కాదు. అతను తగలబెట్టిన గ్రహం మీదే అతణ్ణి ఒంటరిగా వదిలేసి ఆమె వెళ్లిపోతుంది. వెనక్కి కూడా చూడదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, వసారాలో భోజనాల దగ్గర, మామయ్య సాంబారు వడ్డిస్తూ మనవలకు ఆ సినిమా గురించే చెబుతున్నాడు.

"చానా బాగుందిరా. పుస్తకంలో ఎట్టా ఉందో అట్టానే తీశారు. చివర్లో క్షమించింది చూడు, మన వాక్యమే."

"పుస్తకం చదివారా మామయ్యా?" అన్నాను.

"చదవకుండా చెబుతానా ఏంది?"

"అయితే చివర్లో చక్రవర్తి ఏమయ్యాడు?"

"క్షమించింది గదమ్మాయ్. డాన్సు కూడా ఆడారు."

"బొమ్మల పుస్తకంలో డాన్సు ఎట్టా ఆడారయ్యా?" అంది మా పిన్ని. అందరూ నవ్వారు.

మా సంఘంలో బైబిలు కంఠత వాక్యాల పోటీకి ఆయనే పెట్టిన నియమం ఒకటుంది: ఒక్క మాట తప్పినా కూర్చోవాలి.

"తప్పు చెప్పారు మామయ్యా. కూర్చోండి."

గరిటె పట్టుకునే కూర్చున్నాడు.

"ఆ పేజీ మీరు చదవలేదు. చదవకుండానే చర్చి ముందు కాల్చారు."

"నేనా? ఎప్పుడే?"

ఆయనకు నిజంగానే గుర్తులేదు. దానితో నా కడుపుమంట రెట్టింపైంది.

క్షమించెయ్యమని పిన్ని అంటోంది. ఆయన అడిగితే కదా! చదివేవారలారా, నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆ మంట ఆయనకు గుర్తు చెయ్యి. అదే చోట, సంఘమంతా వింటుండగా, తప్పు చేశానని ఆయన నోటితోనే చెప్పించు. అంతవరకు ఆయన ప్రాణం తియ్యకు. ఆమేన్.