మాస్టర్ సాబ్ రేడియో, నా బీరపందిరి

బీరపూలు పొద్దు వాలాక విచ్చుకుంటాయి. నిన్న పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలింది. పక్కనే నా మనవడు, సెల్ టవర్ తరంగాలకు మొక్కలు ఎదగవట నానమ్మా అని ఎవరో చెప్పిన మాట ఒప్పజెబుతున్నాడు. ఫక్కున నవ్వాను. ఆ లొల్లి మా మాదన్నపేట గల్లీలో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోనే జరిగింది నాయనా అన్నాను. దాన్ని తేల్చిన మనిషి గురించి వాడికి చెబుతూ ఉంటే, రాసి పెట్టాలనిపించింది.

నరహరి మాస్టర్ సాబ్‌ది మా గోడ పక్క ఇల్లు. బడిలో ఉర్దూలో సైన్సు చెప్పి, ఇంటికొచ్చి మాతో తెలుగులో వాదించేవాడు. ఏదైనా పట్టుకున్నాడంటే ఉడుంపట్టే. గల్లీ మొత్తానికి రేడియో ఉన్నది ఆయన ఇంట్లోనే. దానికి రెండు తీగెలు. ఒకటి మిద్దె మీది వెదురుకర్ర నుంచి మా పెరటి అంచు దాకా సాగి ఉండేది. రెండోది గోడ వెంట దిగి భూమిలోకి పోయేది. సాయంత్రమైతే యుద్ధం వార్తల కోసం మగవాళ్లంతా ఆయన అరుగు మీదే ఉండేవారు.

నేను అప్పుడు పాలు అమ్మే ఇంటికి కొత్త కోడలిని. బర్రెలు అత్తవి, కుండలు అత్తవి, మాట కూడా అత్తదే. నాదంటూ ఉన్నది గోడవారగా పెట్టిన బీరతీగ ఒక్కటే. పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన గింజలవి. పందిరంతా అల్లుకుని, పూతకొచ్చే వేళకు ఆకుల అంచులు మాడడం మొదలైంది. నీళ్లు పోసిన కొద్దీ ఇంకా మాడింది. నా ప్రాణం ఉసూరుమంది.

ఎదురింటి యాదయ్య తలెత్తి చూశాడు. నెత్తిమీద రేడియో తీగె. ఇంకేం కావాలి!

“గాల్లకెల్లి మాటలు గుంజుతుండు గద, గా మంటకే పందిరి మాడింది. తీగె కోసెయ్యాలె” అన్నాడు. నలుగురూ తలూపారు.

మాస్టర్ సాబ్ అరుగు మీదకొచ్చి, “ఫికర్ చెయ్యకుండ్రి. నేను జెప్తే మీరు నమ్మరు. మొక్కలనే అడుగుదాం” అన్నాడు. ఒకే మట్టి రెండు కుండీల్లో నింపి మెంతులు చల్లాడు. ఒకటి తీగె కింద పెట్టాడు. ఇంకొకటి ఎండ అంతే తగిలే చోటు చూసి, గల్లీ ఆ చివర పెట్టించాడు. నీళ్లు ఒకే చెంబుతో తానే పోశాడు. మెంతులు రెండు కుండీల్లోనూ ఒకే తీరుగా, పచ్చగా లేచాయి. అందరినీ పిలిచి కుండీలు పక్కపక్కన పెట్టి చూపించాడు.

“సూడుండ్రి. తీగె తరంగాలను పట్టుకుంటది గని పుట్టియ్యది. అవి నీ పందిరి మీదనే గాదు, చార్మినార్ మీద గూడ పడుతయి. చార్మినార్ కాడ చెట్లన్ని ఎండిపోయినయా?”

తీగె నిలిచింది. మాస్టర్ సాబ్ ముఖం వెలిగిపోయింది.

మా అత్త మాత్రం నా వైపు తిరిగింది. “రేడియోది గాకపోతే ఇంకెవ్వలది? పిల్ల చెయ్యే మంచిగ లేదు. ఇయ్యాల్టి సంది పాలకుండ ముట్టకు. తోడు గూడ నువ్వెయ్యకు” అంది. పాల మీద బతికే ఇంట్లో కోడలిని పాలకుండ ముట్టొద్దంటే, ఆమె ఉన్నా లేనట్టే. తోటికోడలు నన్ను దాటుకుని కుండ తీసుకుపోతుంటే చచ్చిపోవాలనిపించింది. ఏడ్చాను కూడా. తర్వాత ఏడుపు పోయి కోపమొచ్చింది. మధ్యాహ్నం గోడ దగ్గరికి పోయి పిలిచాను.

“మాస్టర్ సాబ్, మీ రేడియో గెలిచింది. మంచిదే. మరి నా గతేంది?”

ఆయనకు అర్థం కాలేదు. జరిగింది చెప్పాను. తల పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

“తప్పు నాది బిడ్డా. నా రేడియోను బచాయించుకున్న. పందిరి ఎందుకు మాడిందో అడగనే లేదు.”

వెంటనే గడ్డపార పట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు. బీరపాదు తవ్వాడు. గోడ వైపు మట్టి తెల్లగా పొక్కులు కట్టి ఉంది. చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. కటిక ఉప్పు. ఆయన ముఖం చూడాలి అప్పుడు! రేడియో మాట తేటగా రావాలంటే భూమిలోకి పోయే తీగె తడిలో ఉండాలట. అందుకని గోడకు అటువైపు గుంత తీసి, బొగ్గూ ఉప్పూ వేసి తీగె పాతాడు. ఎండలకు నేల ఆరి రేడియో గొంతు పీలగా వచ్చినప్పుడల్లా ఆ గుంతలో ఉప్పునీళ్లు కుమ్మరించాడు. గోడ మనుషులకు అడ్డం గానీ వేళ్లకు అడ్డమా?

ఎవరికీ చెప్పకుండా గుంత పూడ్చుకుని ఉంటే అడిగేవాడు లేడు. ఆయన అలా చేయలేదు. గల్లీని మళ్లీ పిలిచాడు. మెంతికుండీలు చూపించిన చోటనే నిలబడి, మా అత్తకు చేతిలోని మట్టి చూపించాడు.

“పెద్దమ్మా, తరంగాలు మాడగొట్టలేదు. నేనే మాడగొట్టిన. నీ కోడలు చెయ్యి బంగారమసొంటిది. పాడుచెయ్యి నాది.”

అత్త నమ్మకుండా మట్టి నాలుకకు తాకించుకుని, థూ అని ఉమ్మింది. యాదయ్య ఎగిరి గంతేశాడు. “నేనేమన్న? రేడియోనే అన్న గద!” మాస్టర్ సాబ్ నవ్వి, “నీ మాట సగం నిజమే భాయ్” అన్నాడు. తన గుంతను తానే తవ్విపోసి, ఉప్పుమట్టి తట్టలతో మోసి పారబోశాడు. తీగె పాతడానికి కొత్త చోటు కుదిరేదాకా రేడియో మూగబోయింది. వార్తలు లేవని గల్లీ గొణిగినా లెక్కచేయలేదు.

బీరతీగ మాత్రం బతకలేదు. ఆ సాయంత్రం బర్రెలు పిండే వేళకు నేను దూరంగానే నిలబడ్డాను. అత్త నా వైపు చూడకుండానే, “ఏంది గట్ల నిలవడ్డవు? కుండ పట్టు” అంది.

ఆ తర్వాత సంసారంలో నా మాట చాలాసార్లు నెగ్గింది. నోరున్నదాన్ని, నెగ్గించుకున్నాను. నెగ్గిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, నా గెలుపు వల్ల ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరి చేతి నుంచి కుండ తీసుకున్నారో అని చుట్టూ చూస్తాను.