సున్నం బొట్టు పెట్టిన హీటరు

నా చిన్నప్పుడు నాకు అప్పగించిన మొదటి పెద్దపని కాపలా. ఎండబెట్టిన వడియాలకు కాదు, ఒక కారుకు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉంటాయి. మూడో తరగతి అయిపోయింది, ఇంకొక్క తరగతితో ఆ చదువు కూడా ఆగిపోయింది. బళ్ళో నేర్చుకున్న ఎక్కాలు సగం మరిచిపోయాను గానీ, ఆ ఎండాకాలం తార్నాకలో ఒక మెకానిక్కు షెడ్డులో రెండు రోజులు కూర్చొని నేర్చుకున్నది మాత్రం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది.

మా నాయిన యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక ప్రొఫెసర్ సారు దగ్గర డ్రైవరు. సారు బంగళా వెనక ఒక్క గది, దాని ముందు వంటకు రెండు రేకులు, అదే మా ఇల్లు. సారుకు పాతకాలపు ఇంగ్లండు కారు ఒకటి ఉండేది. అప్పటికే అది ముసలిది. హాస్టలు పిల్లలు దాన్ని చూడటానికి సైకిళ్ళు దిగి నిలబడేవాళ్ళు. దానిమీద చిన్న గీత పడ్డా ఆ రోజు సారుకు అన్నం సయించేది కాదు.

ఆ ఏడు మే నెలలో కారు లోపల ఎడమవైపు కాళ్ళ దగ్గర పట్టా తడవడం మొదలైంది. ఎక్కడా వాన లేదు. ముందటి అద్దానికి లోపలినుంచి ఆవిరి పట్టేది, తుప్పునీళ్ళ వాసన వచ్చేది. నాయిన దాన్ని తార్నాకలో తనకు తెలిసిన ఉస్తాద్ షెడ్డుకు తీసుకుపోయాడు. మెకానిక్కును మేమట్లనే పిలుస్తాం. ఆ ఉస్తాద్ లాలాపేట్ మనిషి, తెల్లగడ్డం, ఎప్పుడూ చెవి సందున ఒక పెన్సిలు. ఆయన చూసి చెప్పింది ఇది. డ్యాష్‌బోర్డు వెనకాల పలకంత చిన్న రేడియేటరు ఉంటుంది. ఇంజను వేడినీళ్ళు అందులో తిరిగితేనే హీటరు పనిచేస్తుంది. దానికి చిల్లి పడింది. డ్యాష్‌బోర్డంతా విప్పి కొత్తది వెయ్యాలి. రెండు రోజులు పడుతుంది. సారు సరే అన్నారు. సారు ఎవరేం చెప్పినా తలూపే మనిషి.

తలూపని మనిషి సారు భార్య. ఆమెది కోస్తా వైపు. హైదరాబాదులో, అదీ నడి ఎండల్లో, హీటరు బాగుచేయించడమేమిటని ఆమెకు అనుమానం. అంబర్‌పేట్‌లో ఇంకో మెకానిక్కును అడిగిస్తే, హీటరుకు పోయే రెండు గొట్టాలు కలిపి కట్టేస్తే నీళ్ళు ఆ చిల్లి జోలికే పోవు, అరగంట పని అన్నాడట. అమ్మగారు మా నాయినను వరండాలోకి పిలిపించింది.

“అరగంట పనికి రెండు రోజులు బండి విప్పుతానంటున్నాడంటే, ఆ మనిషి కన్ను లోపలి సామాన్ల మీదుందయ్యా. అవి పోతే మళ్ళీ దొరికేవి కావు. ఏదైనా తేడా వచ్చిందో, నువ్వు వేరే చోటు చూసుకో.”

వేరే చోటంటే కొలువొక్కటే కాదు, తలమీది రేకులు కూడా.

ఆ రాత్రి అమ్మ నాకు తన సున్నపు డబ్బీ ఇచ్చింది. ఆకు వేసుకునే మనిషి డబ్బీ ఇచ్చేసిందంటే సంగతి ఎంత ముదిరిందో నాకు అర్థమైంది. “మీ నాయిన అందర్ని నమ్ముతడు. నువ్వు పోయి గాడ కూసో. ఇప్పిన ప్రతి సామానుకు ఇంత సున్నం పెట్టు. మారిస్తే తెలుస్తది” అన్నది.

పొద్దున్నే నాయిన నన్ను షెడ్డులో దింపి బంగళా పనులకు పోయాడు. నేను ఒక పాత టైరు మీద కూర్చున్నాను. ఉస్తాద్ ఒక్కొక్క సామాను విప్పి దుప్పటి మీద పెడుతుంటే, ఆయన అటు తిరగ్గానే నేను పోయి చుక్క పెట్టి వచ్చేదాన్ని. నాకైతే గొప్ప తెలివి అనిపించింది. పది చుక్కలు కాకముందే దొరికిపోయాను.

“ఏంది బిడ్డా, బండికి బొట్టు పెడుతున్నవా?”

“దిష్టి తగలొద్దని” అన్నాను.

“మంచిగ పెట్టు. గా మూల ఇస్క్రూకు పెట్టలే, దానికి తగుల్తది” అన్నాడు. నవ్వలేదు. నవ్వకపోయేసరికి నా అనుమానం ఇంకా గట్టిపడింది.

సాయంత్రానికి ఆ చిన్న రేడియేటరు బయటికొచ్చింది. రెండు పొట్టి గొట్టాలు, వాటి మధ్య తేనెపట్టులా సన్నని ఇత్తడి రేకులు. దొంగ అసలు కన్నేసేది దీనిమీదే అనుకొని, బొటనవేలితో ఇంత సున్నం తీసి రేకుల సందుల్లోకి అదిమి పెట్టాను. అటువంటిది బజార్లో కొత్తది దొరకదు. ఇత్తడి పని చేసే ఒకతని దగ్గర అదే కొలతకు చేయించిన దాన్ని ఉస్తాద్ మర్నాడు పొద్దున తెచ్చి బిగించడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం సద్ది తిని, గిన్నె కడుక్కొని వచ్చేసరికి పాతది బల్లమీద ఉన్నది. తళతళ మెరుస్తున్నది. దానిమీద సున్నం చుక్క లేదు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాను, ఎక్కడా లేదు. ఉస్తాద్ కారు కింద పడుకొని ఏదో బిగిస్తున్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఇది ఎక్కడిదని ఒక్క మాట అడిగితే అయిపోయేది. దొంగను అడిగితే దొంగ నిజం చెప్తాడా అనుకున్నాను. తారు రోడ్డు మీద కాళ్ళు కాలుతుంటే తార్నాక నుంచి క్యాంపస్ దాకా ఉరికాను. నేను అమ్మకు చెప్పాను. అమ్మ అమ్మగారికి చెప్పింది. నేను సామాను మారిందన్నాను, అమ్మ, ఉస్తాద్ దాన్ని అమ్మేసుకున్నాడన్నది, అమ్మగారి నోటికొచ్చేసరికి మా నాయినకు కూడా అందులో భాగం వచ్చింది.

పొద్దు గూకేముందు కారు వచ్చింది. నాయిన నడుపుతున్నాడు, ఉస్తాద్ పక్కన కూర్చున్నాడు. పాపం ఇద్దరూ సంతోషంగా దిగారు. ఉస్తాద్ చేతిలో కాగితంలో చుట్టిన పాత రేడియేటరు. విప్పిన సామాను బండి యజమాని చేతికివ్వడం ఆ రోజుల్లో మంచి మెకానిక్కుల పద్ధతి. అమ్మగారు దాన్ని తాకలేదు.

“ఇది మా బండిది కాదుటగా. పిల్ల చెప్పింది.”

నాయిన ముఖం నల్లబడింది. ఉస్తాద్ నా వైపు చూశాడు. కోపంగా చూస్తే బాగుండేది. ఆయన ఒక తొట్టిలో నీళ్ళు అడిగాడు. సారే స్వయంగా కుళాయి తిప్పి నింపారు. ఉస్తాద్ నన్ను పిలిచి పాతదాన్ని నా చేతిలో పెట్టి, ఒక గొట్టాన్ని బొటనవేలితో మూసి, రేకుల భాగాన్ని నీళ్ళలో ముంచి, రెండో గొట్టంలో గట్టిగా ఊదమన్నాడు. ఊదాను. కింది మూలనుంచి బుడగలు వరసగా పైకొచ్చాయి.

“గిదే చిల్లి సారూ. షెడ్డుల గిట్లనే చూసిన. చూసేముందు కడగాలె, మట్టి ఉంటే బుడగ కనపడదు.”

కడిగాడు. నాకు అది తట్టనే లేదు. అప్పుడు బుడగలతోపాటు రేకుల సందులోంచి తెల్లటి పలుకు ఒకటి ఊడి పైకి తేలింది. వెనకే ఇంకొకటి. నీళ్ళు కొంచెం పాలవిరుగుడులా అయినాయి. అదేమిటో అమ్మగారికి తెలియదు, సారుకు తెలియదు. నాకు తెలుసు, ఉస్తాద్‌కు తెలుసు. ఆయన నోరు విప్పలేదు. నేను చెప్పకపోతే అది వట్టి మురికి. మా నాయిన తల వంచుకొని నిలబడి ఉన్నాడు.

“అది నేను పెట్టిన సున్నమే. ఇది మన బండిదే” అన్నాను.

అమ్మగారు తొట్టిలోకి వంగి చూసింది. తర్వాత, “సరే. మరి ఈ ఎండల్లో హీటరెందుకో చెప్పు” అన్నది. ఆమె అనుమానం అంత తొందరగా పోయేది కాదు, అందులో నేను ఆమె పక్షమే. ఉస్తాద్ ఇంజను స్టార్టు చేసి అట్లనే వదిలేశాడు. వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి పోతుంటే అందరం వంగి చూశాం. ఎర్ర గీత దగ్గరికి రాగానే హీటరు తిప్పాడు. బుస్సుమని వేడిగాలి మా ముఖాలకు కొట్టింది. ముల్లు నెమ్మదిగా కిందికి దిగింది.

“చలికి కాదమ్మా. సారు వాళ్ళ అమ్మను తీస్కొని శ్రీశైలం పోతనన్నరు. కొండల ఘాటు రోడ్డుమీద గీ ముసలి ఇంజను ఉడుకుతది. అప్పుడు గిది తెరిస్తే ఆ వేడి లోపలికి గుంజుకుంటది. కూసున్నోళ్ళు ఉడుకుతరు గని, బండి ఆగదు.”

ఆ నెలలోనే పోయారు. అద్దాలన్నీ దించి, హీటరు తెరిచి, చెమటలు కారుతూ ఘాటెక్కామని, ఎక్కడా ఆగలేదని నాయిన వచ్చి చెప్పాడు. ఆ కొలువు, ఆ రేకుల గది ఇంకా చాలా ఏళ్ళు మావే.

కానీ ఆ సాయంత్రం పోయేముందు ఉస్తాద్ గేటు దగ్గర ఆగి నాతో అన్నమాట ఘాటుకంటే పెద్దది. “అనుమానం పడ్డందుకు నాకేం లేదు బిడ్డా. పడాలె. గని ముందు నన్ను అడగాలె. నేను గాడనే ఉంటి కదా, బండి కింద.”

నేను మంచిదాన్నైపోయి అందర్నీ నమ్మడం మొదలుపెట్టలేదు. ఇప్పటికీ పాలవాడి గిన్నెలోకి తొంగిచూస్తాను. మా తార్నాక ఫ్లాటులో ఏ సామాను మార్చినా పాతది నా చేతికి రావాల్సిందే. మొన్న వంటింటి కుళాయి మార్చడానికి ఒకతను వచ్చాడు. పని అయింది, పాత ఇత్తడి కుళాయి కనిపించలేదు. కోడలు గుసగుసగా వాచ్‌మన్‌కు ఫోన్ చేద్దామా అన్నది. ఆగమని, నేనే పోయి ఆయన ఎదుట నిలబడి, “నాయనా, మా పాత కుళాయి ఏది?” అన్నాను. సంచిలోంచి తీసి ఇచ్చాడు. మరిచిపోయానన్నాడు. మరిచాడో లేదో నాకు తెలియదు. నా కుళాయి నాకొచ్చింది. ఆయన మీద దొంగ అన్న మాట మాత్రం మా గడప దాటి పోలేదు.